వెబ్ ఫారం గడుల రూపాలంకరణ – వినియోగ సౌలభ్యం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వెబ్ పుటలలో చదవడానికి మాత్రమే ఉన్న భాగాలకు, పూరించడానికి ఉన్న భాగాలకు ముఖ్యమైన తేడా ఉంది. చదివే భాగం అలంకరణ వల్ల కొంత అస్పష్టమైనా పాఠకుడు సర్దుకోగలడు. పూరించే గడి అస్పష్టమైతే అతని పని అక్కడే ఆగిపోతుంది. ఫారం గడులకు ఆకర్షణీయమైన రూపం ఇచ్చేటప్పుడు ఏ అంశాలను స్వేచ్ఛగా మార్చవచ్చు, ఏ అంశాలను కాపాడుకోవాలి అనే విషయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. గడి హద్దు, గడి పేరు, గడి స్థితి అనే మూడు సంకేతాలను ఆధారంగా చేసుకొని, అంతర్జాతీయ ప్రమాణాలను, ప్రచురితమైన పరిశోధనలను, తెలుగు లిపి ప్రత్యేక అవసరాలను ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: వెబ్ ఫారం, గడి, లేబుల్, ప్లేస్‌హోల్డర్, ఫోకస్, కాంట్రాస్ట్ నిష్పత్తి, సీఎస్‌ఎస్, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

పరీక్ష ఫీజు చెల్లింపు, ఉపకార వేతనం, పింఛను, రైలు టికెట్టు, బ్యాంకు ఖాతా వంటి అనేక అవసరాలకు నేడు వెబ్ ఫారమే ద్వారం. కాగితపు దరఖాస్తులో ఒక గడి అర్థం కాకపోతే పక్కవారిని గానీ కార్యాలయ గుమాస్తాను గానీ అడిగే వీలుండేది. తెర ముందు కూర్చున్న వ్యక్తికి గడి తప్ప వేరే మార్గదర్శి ఉండదు. కాబట్టి గడి రూపకల్పనను కేవలం సౌందర్య విషయంగా భావించడానికి వీలు లేదు.

చట్టం కూడా ఈ విషయాన్ని గుర్తించింది. భారతదేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదటిసారి వెలువడగా, వాటి మూడవ రూపం 2023లో వచ్చింది. ప్రజ్ఞా ప్రసూన్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని పేర్కొంది. యాసిడ్ దాడి బాధితులు, దృష్టిలోపం ఉన్నవారు ఆన్‌లైన్ గుర్తింపు ప్రక్రియను పూర్తి చేయలేకపోవడమే ఆ వ్యాజ్యానికి మూలం.

అయితే ఉపయోగపడే గడి అందవికారంగానే ఉండాలన్న నియమమేదీ లేదు. రంగు, మూలల వంపు, ఖాళీ స్థలం, అక్షర రూపం వంటి అనేక అంశాలలో రూపకర్తకు స్వేచ్ఛ ఉంది. అదే సమయంలో పూరించేవారికి మూడు ప్రశ్నలకు సమాధానం దొరకాలి. ఎక్కడ రాయాలి? ఏమి రాయాలి? రాసినది ఏమైంది? మొదటిదానికి గడి హద్దు, రెండవదానికి గడి పేరు, మూడవదానికి గడి స్థితి సమాధానం ఇస్తాయి. అలంకరణ ఈ మూడింటిని దాచనంత వరకు దానికి హద్దు లేదు. దాచిన మరుక్షణం అది దోషమవుతుంది.

2. గడి రూపానికి మూలం

ఫారాలు 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎమ్‌ఎల్ 2.0 ప్రమాణంలోనే ఉన్నాయి. పుటల అలంకరణకు ఉద్దేశించిన సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చింది. అంటే అలంకరణ భాష రాకముందే గడులు ఉన్నాయి. వాటికి రూపం ఇచ్చే బాధ్యతను బ్రౌజరు, కంప్యూటరు నిర్వాహక వ్యవస్థ తీసుకున్నాయి. అందువల్ల ఒకే గడి విండోస్‌లో ఒక విధంగా, మాక్‌లో మరొక విధంగా కనిపించేది. 2011లో ఆమోదం పొందిన సీఎస్‌ఎస్ 2.1 ప్రమాణం కూడా ఫారం గడులకు ఏ లక్షణాలు వర్తిస్తాయో నిర్వచించలేదు. ఆ విషయంలో బ్రౌజర్ల తోడ్పాటును ప్రయోగాత్మకంగానే భావించమని సూచించింది.

ఈ నేపథ్యం రెండు ఫలితాలకు దారితీసింది. మొదటిది, తమ రూపకల్పనకు లొంగని గడులను పూర్తిగా తొలగించి, వాటి స్థానంలో మామూలు పెట్టెలకు రంగులు వేసి గడులుగా చూపే పద్ధతి వ్యాపించింది. అలాంటి పెట్టెను కంటితో చూసేవారు గడి అనుకుంటారు. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అది గడి అని తెలియదు. కీబోర్డులోని ట్యాబ్ మీట నొక్కినా అక్కడికి చేరుకోలేరు. రెండవది, బ్రౌజరు సహజంగా ఇచ్చే సంకేతాలను ‘అందంగా లేవు’ అని తీసివేసి, వాటికి బదులు ఏమీ చేర్చకపోవడం. నేటి ఫారాలలో కనిపించే ఇబ్బందులలో చాలావరకు ఈ రెండింటి నుండి పుట్టినవే. నిజమైన గడిని ఉంచి దాని పైరూపాన్ని మాత్రమే మార్చడం సురక్షితమైన మార్గం.

3. గడి హద్దు: ఎక్కడ రాయాలి?

గడి హద్దును తగ్గించి చూసిన ప్రయత్నాలలో గూగుల్ సంస్థ ‘మెటీరియల్ డిజైన్’ విశేషంగా పేర్కొనదగినది. 2014లో వెలువడిన ఆ పద్ధతిలో అక్షరాలు నింపే గడికి నాలుగు వైపులా అంచు లేదు. కింద ఒక సన్నని గీత మాత్రమే ఉండేది. చూడటానికి తేలికగా, తీరుగా ఉన్న ఆ రూపాన్ని ఎన్నో యాప్‌లు, వెబ్‌సైట్లు అనుకరించాయి. తరువాత ఆ సంస్థ పరిశోధకులే వినియోగదారులతో ప్రయోగాలు చేసి, ఆ గీత కొందరికి గడిలా కాక, పుటలోని భాగాలను విడదీసే గీతలా కనిపిస్తోందని గుర్తించారు. గీత మీద ఉన్న మాటను గడి పేరుగా కాక మామూలు పాఠంగా భావించే ప్రమాదమూ ఉంది. ఆ ఫలితాల ఆధారంగా గడి రూపాన్ని మార్చి, నేపథ్య రంగుతో నిండిన గడి, చుట్టూ అంచు ఉన్న గడి అనే రెండు రూపాలను ప్రవేశపెట్టారు.

కాగితపు దరఖాస్తులో చుక్కల గీత చక్కగా పనిచేసింది కదా అనే ప్రశ్న ఇక్కడ రావచ్చు. కాగితం మీద గీతకు ముందు ‘పేరు’ అని అచ్చయి ఉంటుంది. చేతిలో కలం ఉంటుంది. ఆ కాగితం మీద రాయడం తప్ప చేయవలసిన పని మరొకటి లేదు. తెర మీద అదే గీత శీర్షికను వేరు చేయవచ్చు, లంకెను సూచించవచ్చు, కేవలం అలంకారమూ కావచ్చు. కాబట్టి తెర మీది గీత తానేమిటో తానే చెప్పుకోవాలి.

హద్దు ఉన్నా అది కనిపించకపోతే ప్రయోజనం లేదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018 జూన్‌లో ప్రకటించిన వెబ్ అందుబాటు మార్గదర్శకాల 2.1 రూపం, ఒక నియంత్రణను గుర్తించడానికి అవసరమైన దృశ్య సమాచారానికి, పక్కనున్న రంగుకు మధ్య కాంట్రాస్ట్ నిష్పత్తి కనీసం 3:1 ఉండాలని నిర్దేశించింది. తెల్లని నేపథ్యం మీద #949494 అనే బూడిద రంగు 3.03:1 నిష్పత్తితో ఈ పరీక్షలో నెగ్గుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 221 చొప్పున ఉన్న లేత బూడిద రంగు అంచులు అనేక చోట్ల కనిపిస్తాయి. ఆ రంగు నిష్పత్తి కేవలం 1.36:1. మంచి తెర మీద, చల్లని గదిలో కూర్చున్న రూపకర్తకు ఆ అంచు సున్నితంగా తోస్తుంది. ఎండలో నిలబడి పాత ఫోను చూస్తున్న వ్యక్తికి అక్కడ గడి ఉన్నట్టే తెలియదు.

హద్దు విషయంలో కొలతలు కూడా ముఖ్యం. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 రూపం, వేలితో తాకే లక్ష్యం కనీసం 24×24 సీఎస్‌ఎస్ పిక్సెళ్లు ఉండాలని, లేదా చుట్టూ తగిన ఎడం ఉండాలని చెప్పింది. ఉన్నత స్థాయి ప్రమాణం 44×44. గడి వెడల్పు కూడా ఒక సంకేతమే. ఆరు అంకెల పిన్‌కోడుకు తెర నిండా వ్యాపించిన గడి ఇస్తే పూర్తి చిరునామా రాయాలేమో అనిపిస్తుంది. గడుల వెడల్పులన్నీ సమానంగా ఉంటే పుట తీరుగా కనిపిస్తుంది గానీ, జవాబు ఎంత పొడవుండాలనే సూచన పోతుంది.

4. గడి పేరు: ఏమి రాయాలి?

లేబుల్ అనే మూలకాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్ 4.0 ప్రమాణం 1997లో ప్రవేశపెట్టింది. గడికి, దాని పేరుకు మధ్య యంత్రానికి కూడా అర్థమయ్యే ముడి వేయడం దాని ప్రయోజనం. ఆ ముడి ఉన్నప్పుడు స్క్రీన్ రీడర్ గడి పేరును చదివి వినిపిస్తుంది. పేరు మీద నొక్కినా గడి తెరుచుకుంటుంది. చేయి వణికే వృద్ధులకు ఈ అదనపు స్థలం ఎంతో మేలు చేస్తుంది.

పేరును ఎక్కడ ఉంచాలనే విషయంలో మాత్తెయో పెంజో 2006లో చూపు కదలికల ఆధారంగా చేసిన పరిశీలన ప్రసిద్ధమైనది. గడికి పైన పేరు ఉన్నప్పుడు పేరు, గడి రెండూ ఒకే చూపులో అందుతున్నాయని, ఎడమ అంచుకు జరిపిన పేర్ల నుండి గడికి చేరడానికి చూపు ఎక్కువ శ్రమపడుతోందని అది తెలిపింది. తెలుగు ఫారాలకు ఈ ఫలితం మరింత వర్తిస్తుంది. ‘తండ్రి లేదా సంరక్షకుని పేరు’, ‘కుల ధ్రువీకరణ పత్రం సంఖ్య’ వంటి పొడవైన పేర్లు పక్కన ఇమడవు, పైన అయితే సులభంగా ఇముడుతాయి.

స్థలం ఆదా చేయడం కోసం పేరును గడి లోపలే లేత అక్షరాలతో చూపే ప్లేస్‌హోల్డర్ పద్ధతి బాగా వ్యాపించింది. కాగితం మీద ‘పేరు’ అన్న మాటను చెరిపి అక్కడే పేరు రాయమన్నట్టుగా ఈ పద్ధతి ఉంటుంది. రాయడం మొదలుపెట్టగానే సూచన మాయమవుతుంది. పది గడులు నింపిన తరువాత సరిచూసుకోవాలంటే ఏ గడి దేనిదో తెలియదు. లేత అక్షరాలు చదవలేనివారు ఒకవైపు, వాటిని ముందే నింపిన సమాధానంగా భావించి వదిలివేసేవారు మరొకవైపు ఉంటారు. రంగు విషయంలోనూ చిక్కు ఉంది. మామూలు పరిమాణంలోని అక్షరాలకు కనీస కాంట్రాస్ట్ నిష్పత్తి 4.5:1. తెల్లని నేపథ్యంపై #767676 ఈ హద్దును 4.54:1తో దాటుతుంది, #777777 అయితే 4.48:1తో తప్పుతుంది. ప్లేస్‌హోల్డర్లకు తరచుగా వాడే #999999 నిష్పత్తి 2.85:1 మాత్రమే. రంగును ముదురు చేస్తే సూచనకు, నిజమైన సమాధానానికి తేడా చెరిగిపోతుంది. లేత చేస్తే చదవలేరు. ఈ ద్వంద్వం వల్లనే ప్లేస్‌హోల్డర్‌ను పేరుకు ప్రత్యామ్నాయంగా వాడకూడదు. తేదీ నమూనా వంటి అదనపు సూచన అవసరమైతే దానిని పేరు కింద, గడి వెలుపల ఉంచడం మేలు.

ఈ రెండింటి మధ్య రాజీగా 2013లో మాట్ డి. స్మిత్ ‘ఫ్లోట్ లేబుల్’ పద్ధతిని ప్రతిపాదించారు. రాయడం మొదలుపెట్టగానే లోపలి పేరు చిన్నదై పైకి తేలుతుంది. పేరు పూర్తిగా మాయం కాకపోవడం ఇందులోని మెరుగుదల. అయితే పైకి తేలిన పేరు చాలా చిన్న అక్షరాలలో ఉంటుంది. లాటిన్ అక్షరాలకు సరిపోయిన ఆ పరిమాణంలో తెలుగు ఒత్తులు ముద్దగా మారతాయి. గడి పైన స్థిరంగా ఉన్న పేరు ఇచ్చే సౌలభ్యాన్ని ఈ పద్ధతి అధిగమించలేదు.

5. గడి స్థితి: రాసినది ఏమైంది?

5.1 ఫోకస్

మౌసు వాడలేనివారు ట్యాబ్ మీటతో ఒక గడి నుండి మరొక గడికి వెళతారు. తాము ఏ గడిలో ఉన్నామో తెలిపే గుర్తును ఫోకస్ సూచిక అంటారు. బ్రౌజరు దీనిని గడి చుట్టూ గీతగా చూపుతుంది. ఎరిక్ మేయర్ 2007లో రూపొందించిన ‘రీసెట్’ సీఎస్‌ఎస్ దస్త్రంలో ఈ గీతను తొలగించే పంక్తి ఉండేది. కొత్త ఫోకస్ రూపాన్ని నిర్వచించుకోవాలన్న హెచ్చరిక కూడా దాని పక్కనే ఉంది. దస్త్రాన్ని తెచ్చుకున్నవారిలో చాలామంది పంక్తిని ఉంచుకొని హెచ్చరికను మరిచిపోయారు. 2011 నాటి రెండవ రూపంలో ఆ పంక్తి లేదు. అయినా గీతను తొలగించే అలవాటు ఇంకా పోలేదు.

గీత అందంగా లేదనిపిస్తే దానిని మార్చవచ్చు, తొలగించకూడదు. బ్రిటిష్ ప్రభుత్వ రూపకల్పన వ్యవస్థ గడి చుట్టూ పసుపు పట్టీ, లోపల ముదురు నల్లని అంచు చూపుతుంది. లేత నేపథ్యమైనా ముదురు నేపథ్యమైనా ఆ రెండు రంగులలో ఒకటి తప్పక కనిపిస్తుంది. మెరుపు కంటే స్పష్టతకు ప్రాధాన్యమిచ్చినా ఆ రూపానికి తనదైన అందం ఉంది.

ఇక్కడ మూడు సాంకేతిక జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఫోకస్ వచ్చినప్పుడు బోర్డర్ మందాన్ని పెంచితే చుట్టూ ఉన్న భాగాలు కదులుతాయి. స్థలం ఆక్రమించని అవుట్‌లైన్ వాడితే ఆ కుదుపు ఉండదు. రెండవది, కేవలం నీడతో ఫోకస్ చూపితే, విండోస్ హై కాంట్రాస్ట్ వాడేవారికి ఆ నీడ కనిపించదు, ఆ స్థితిలో బ్రౌజరు నీడలను తొలగిస్తుంది. నీడతో పాటు పారదర్శకమైన అవుట్‌లైన్ కూడా ఇస్తే, ఆ స్థితిలో అది రంగు పొంది కనిపిస్తుంది. మూడవది, మౌసుతో నొక్కినప్పుడు బటన్ల చుట్టూ గీత రాకూడదనుకుంటే ‘ఫోకస్-విజిబుల్’ అనే ఎంపిక ఉంది. అక్షరాలు నింపే గడులకు మాత్రం మౌసుతో నొక్కినా అది వర్తిస్తుంది.

5.2 దోష సూచన

తప్పుగా నింపిన గడి అంచును ఎరుపు చేయడం సర్వసాధారణం. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారికి ఆ మార్పు తెలియదు. రంగు ఒక్కదాని ద్వారానే సమాచారం చెప్పకూడదని మార్గదర్శకాలు అంటున్నాయి. అంచు రంగుతో పాటు మందమూ మారాలి. గడి దగ్గర ఒక వాక్యమూ ఉండాలి. ఆ వాక్యం ‘చెల్లని నమోదు’ అని ఊరుకోకుండా ‘మొబైల్ నంబరులో పది అంకెలు ఉండాలి’ అని దారి చూపాలి. స్క్రీన్ రీడర్ వినిపించగలిగేలా ఆ వాక్యాన్ని కోడ్‌లో గడితో ముడిపెట్టాలి.

దోషాన్ని ఎప్పుడు చూపాలనేది మరొక ప్రశ్న. లూక్ రోబ్లెవ్‌స్కీ 2009లో 22 మందితో చేయించిన పరీక్షలో, పంపిన తరువాతే దోషాలు చూపే ఫారంతో పోలిస్తే, నింపుతుండగానే స్పందించే ఫారంలో విజయాలు 22 శాతం పెరిగాయి, పట్టే సమయం 42 శాతం తగ్గింది. అయితే ప్రతి అక్షరానికీ దోషం చూపడం పాల్గొన్నవారికి చికాకు కలిగించింది. గడిని వదిలి వెళ్ళిన తరువాత చూపడమే మేలైనదిగా తేలింది. నమూనా చిన్నదైనా ఈ దిశ ఆలోచించదగినది. సీఎస్‌ఎస్‌లోని ‘ఇన్‌వ్యాలిడ్’ ఎంపికను నేరుగా వాడితే, తప్పనిసరిగా నింపవలసిన ఖాళీ గడులన్నీ పుట తెరవగానే ఎర్రబడతాయి. ఇంకా ఏమీ రాయనివారిని తప్పు పట్టినట్టు అవుతుంది. ‘యూజర్-ఇన్‌వ్యాలిడ్’ అనే కొత్త ఎంపిక వినియోగదారుడు గడిని ఉపయోగించిన తరువాతే వర్తిస్తుంది.

6. ఎంపిక గడులు

చెక్‌బాక్సులు, రేడియో బటన్లు చిన్నవి కావడం వల్ల వాటి అలంకరణ చాలాకాలం కష్టంగా ఉండేది. అసలు గడిని దాచి, దాని స్థానంలో బొమ్మను చూపేవారు. నేడు ‘యాక్సెంట్-కలర్’ అనే లక్షణంతో అసలు గడిని అలాగే ఉంచి సంస్థ రంగును ఇవ్వవచ్చు. జాబితా గడి విషయంలోనూ బ్రౌజరు ఇచ్చే జాబితాను ఉంచడమే మేలు. ఫోన్లలో అది వేలికి అనువైన రూపంలో తెరుచుకుంటుంది. చేతితో తయారు చేసిన జాబితా అందంగా ఉన్నా, బాణపు మీటలకు, అక్షరం నొక్కితే చేరే సౌకర్యానికి ప్రతిదీ తిరిగి రాసుకోవలసి వస్తుంది.

7. తెలుగు లిపి – గడి పరిమితులు

గడుల నమూనాలు ఎక్కువగా లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకొని తయారైనవి. వాటిని తెలుగు ఫారాలకు యథాతథంగా వాడితే నాలుగు సమస్యలు ఎదురవుతాయి.

మొదటిది ఎత్తు. ‘స్త్రీ’ అన్న అక్షరానికి పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు ఉన్నాయి. వరుస ఎత్తును 1 లేదా 1.2గా ఉంచి, గడి ఎత్తును పిక్సెళ్లలో బిగిస్తే ఒత్తులు కోసినట్టు కనిపిస్తాయి. ఎత్తును బిగించకుండా కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి, లోపలి ఖాళీతో గడిని పెంచాలి. వరుస ఎత్తును 1.5 దగ్గర మొదలుపెట్టి, ఒత్తులు ఎక్కువగా ఉన్న పదాలతో పరీక్షించాలి.

రెండవది అక్షర రూపం. పుటకు ఎంచుకున్న ఫాంటు గడులకు తనంతట తాను సంక్రమించదు. బ్రౌజర్లు గడులకు సొంత ఫాంటును, చిన్న పరిమాణాన్ని ఇస్తాయి. క్రోమ్‌లో ఆ పరిమాణం 13.333 పిక్సెళ్లు. పుట అంతా ఒక తెలుగు ఫాంటులో, గడి లోపలి తెలుగు మరొక ఫాంటులో కనిపించడానికి కారణం ఇదే. ఫాంటును పుట నుండి తీసుకోమని గడులకు ప్రత్యేకంగా చెప్పాలి. పరిమాణం కనీసం 16 పిక్సెళ్లు ఉండాలి. అంతకంటే తక్కువైతే ఐఫోన్‌లోని సఫారీ గడిని తాకగానే పుటను పెద్దది చేసి చూపుతుంది. రామభద్ర వంటి శీర్షికల ఫాంట్లను గడుల లోపల వాడకపోవడం మంచిది.

మూడవది వెడల్పు. సీఎస్‌ఎస్‌లో ‘సీహెచ్’ అనే కొలమానం సున్నా అంకె వెడల్పు మీద ఆధారపడింది. ఇరవై సీహెచ్‌ల గడిలో ఇరవై అంకెలు పడతాయి గానీ ఇరవై తెలుగు అక్షరాలు పట్టకపోవచ్చు. అక్షరాల పరిమితి విషయంలో చిక్కు ఇంకా లోతైనది. ‘మాక్స్‌లెంగ్త్’ యూనికోడ్ ప్రమాణాలను లెక్కిస్తుంది గానీ కంటికి కనిపించే అక్షరాలను కాదు. ‘స్త్రీ’ కంటికి ఒక అక్షరమే. లెక్కలో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు. ఇరవై అనే పరిమితి ఆంగ్లంలో ఒక పేరుకు సరిపోయినా తెలుగులో అదే పేరు మధ్యలో ఆగిపోవచ్చు.

నాలుగవది పెద్దక్షరాలు. గడుల పేర్లను చిన్న పరిమాణంలో, పెద్దబడి అక్షరాలలో చూపడం ఆంగ్ల నమూనాలలో ప్రసిద్ధమైన అలంకారం. పెద్దబడి, చిన్నబడి భేదం తెలుగు లిపిలో లేదు. ఆ అలంకారాన్ని తీసివేస్తే మిగిలేది చిన్న పరిమాణం మాత్రమే. తెలుగులో ఆ ప్రాధాన్యాన్ని మందమైన అక్షరాలతో, తగిన పరిమాణంతో సాధించాలి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. గడి అలంకరణలో రంగు, వంపు, ఎడం, ఫాంటు వంటివి రూపకర్త ఇష్టానికి లోబడినవి. హద్దు, పేరు, స్థితి అనే మూడు సంకేతాలు వినియోగదారుని హక్కుకు సంబంధించినవి.

2. సహజమైన గడిని తొలగించి అనుకరణను పెట్టడం కంటే, సహజమైన గడికే కొత్త రూపం ఇవ్వడం మేలు. ఒక సంకేతాన్ని తీసివేసిన చోట అంతకు తగ్గని మరొక సంకేతాన్ని చేర్చాలి.

3. అంచుకు 3:1, అక్షరాలకు 4.5:1 అనే నిష్పత్తులను కంటి అంచనాతో కాక లెక్కతో సరిచూడాలి.

4. తెలుగు ఫారాలకు ఎత్తు, ఫాంటు, వెడల్పు, అక్షర పరిమితి అనే నాలుగు విషయాలలో ప్రత్యేక పరీక్ష అవసరం.

ఈ పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. మౌసును పక్కన పెట్టి ట్యాబ్ మీటతో ఫారం మొత్తం పూర్తి చేయడం, తెరను నలుపు తెలుపులలో చూడటం, అక్షరాలను రెట్టింపు చేసి చూడటం, స్క్రీన్ రీడర్‌తో వినడం అనే నాలుగు పనులతో ప్రధాన దోషాలు చాలావరకు బయటపడతాయి. కళాశాల ప్రవేశాల ఫారాలను, విశ్వవిద్యాలయాల పరిశోధక దరఖాస్తులను ఈ దృష్టితో పరిశీలించడం తెలుగు ప్రాంతాల పరిశోధకులకు అందుబాటులో ఉన్న రంగం. ముఖ్యంగా తెలుగు అక్షరాలు నింపే గడుల మీద చూపు కదలికల ఆధారంగా, పూరించే సమయం ఆధారంగా పరిశోధనలు జరగవలసిన అవసరం ఉంది.